క్రొత్త భాగముల వార్ధక్యము

మోరిస్ ఆక్స్‌ఫర్డు వంశసంజాతమైన అంబాసిడరు కారు, 2014లో ఉత్తర్‌పారా కర్మాగారము మూతపడుటతో అనాథయైనను, దాని విడిభాగములు మాత్రము విపణివీథిలో అక్షయముగా లభించుచునే యున్నవి. పెట్టెపై ‘ఒరిజినల్’ అను ముద్ర యెంత గాఢముగా నుండునో, లోని రబ్బరు బుష్షు అంత శీఘ్రముగా బీటలువారును. దశాబ్దములు ఎండవానల కోర్చిన పాత రోటరును తొలగించి, నిగనిగలాడు క్రొత్తదానిని తొడిగిన యజమాని, ఇగ్నిషన్ విద్యుత్తు ప్లగ్గులకుఁ బోవుట మాని డిస్ట్రిబ్యూటరు ఇరుసులోనికి జాఱుకొనఁగా, పొలిమేర దాటకమునుపే నిలిచిపోయి, వివేకియైనచో, డిక్కీలో దాచిన పాతదానినే మరల నాశ్రయించును. కండెన్సరు ప్రసక్తి తేకుండుటయే మర్యాద. వర్తకుఁడు మాత్రము నిర్వికారుఁడు: “మా సరుకు కొత్తదేనండీ, మీ బండే పాతది!”