ఆగకండి, జోడు కట్టండి

మా మేనల్లుడి దగ్గర 2015లో కొన్న జీటీఎక్స్ 970 గ్రాఫిక్స్ కార్డు ఉంది. దానికి తోడుగా సెకండ్‌హ్యాండ్‌లో ఇంకో 970 తెచ్చుకోవాలా, లేక డబ్బు కూడబెట్టి కొన్నాళ్లాగి ఒకే కొత్త కార్డు కొనాలా అని నాలుగు నెలలు నలిగాడు. అడిగినవాళ్లంతా ఆగమన్నారు. నేనొక్కణ్ణే జోడు కట్టమన్నాను. మీ ఇంట్లోనూ పాత కార్డు ఒకటి ఒంటరిగా పనిచేస్తుంటే ఈ నాలుగు మాటలూ పనికొస్తాయి.

ముందు ఆ ‘ఆగడం’ సంగతి చూడండి. 970 వచ్చింది 2014లో. 2016లో 1070 వచ్చింది, 2018లో ఆర్‌టీఎక్స్ 20 వరస, 2020లో 30, 2022లో 40, 2025లో 50. ఆగినవాడికి మంచి కార్డు ఎప్పుడూ రెండేళ్ల దూరంలోనే ఉంటుంది. పెళ్లిచూపులకు వెళ్లిన ప్రతిసారీ ‘ఇంకో సంబంధం చూద్దాం’ అనేవాడికి చివరికి జుట్టు నెరుస్తుంది. పాత కార్డును అమ్మేయడం అంతకంటే పెద్ద తప్పు. పదేళ్లు నమ్మకంగా పనిచేసిన వస్తువును ఇంట్లోనే ఉంచి దానికి సాయం తేవాలి.

రెండు కార్డులు కలిసి ఎలా పనిచేస్తాయో తెలిస్తే మీకూ ఇష్టం పుడుతుంది. 1998లో త్రీడీఎఫ్‌ఎక్స్ వారి వూడూ2 కార్డులు రెండు పెడితే, తెరమీది గీతల్లో సరి గీతలు ఒకటి, బేసి గీతలు ఇంకొకటి గీసేవి. ఈ జోడుకు ఎస్‌ఎల్‌ఐ అన్న పేరు అప్పటిదే. ఆ కంపెనీ ఆస్తులు కొన్న ఎన్విడియా 2004లో అదే పేరు మళ్లీ తెచ్చింది. ఈసారి ఎక్కువగా ఒక ఫ్రేము ఒక కార్డుది, తర్వాతి ఫ్రేము రెండోదానిది. అచ్చంగా కాడికి కట్టిన ఎడ్ల జత. ఒక ఎద్దు అర అడుగు వెనకబడితే నాగటి చాలు వంకరపోతుంది చూడండి, ఇక్కడా అంతే. ఫ్రేములు సమానమైన ఎడంతో రాక బొమ్మ సన్నగా అదురుతుంది. దాన్ని మైక్రోస్టటర్ అంటారు. వారం రోజులు ఆడితే కన్ను అలవాటు పడుతుంది. నాది పడింది.

కార్డు మెమరీ గురించి మిమ్మల్ని భయపెడతారు. నాలుగు జీబీ, నాలుగు జీబీ కలిస్తే ఎనిమిది కాదు, నిజమే. రెండు కార్డులూ అదే సరుకును దేని గదిలో అది దాచుకుంటాయి కాబట్టి మీకు మిగిలేది నాలుగే. 970లో అయితే ఆ నాలుగులోనూ మూడున్నరే పూర్తి వేగంతో నడుస్తుంది. టెక్స్చర్లను మీడియంలో పెట్టుకోండి. కారు నడిపేటప్పుడు గోడమీద ఇటుకలు ఎవరు చూస్తారు?

ఇక అసలు సూత్రం. అందరూ ఆటను బట్టి కార్డు కొంటారు. మీరు కార్డును బట్టి ఆట ఎంచుకోండి. రెండు కార్డులు కలిసి పనిచేయాలంటే ఆ ఆటకు డ్రైవర్‌లో ప్రొఫైల్ అయినా ఉండాలి, ఆట తయారుచేసినవాళ్లే ఆ ఏర్పాటైనా చేసి ఉండాలి. 2021 జనవరి 1 నుంచి ఎన్విడియా కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు చేర్చడం మానేసింది. జనం దీన్ని చావుకబురులా చెబుతారు గానీ నాకు అందులో గొప్ప నెమ్మది కనిపిస్తుంది. పెరగని జాబితా అంటే ఎప్పటికైనా పూర్తిచేయగల జాబితా. జీటీఏ 5 ఉంది, విచర్ 3 ఉంది, రైజ్ ఆఫ్ ది టూంబ్ రైడర్ ఉంది. ఒక మనిషికి ఇంకెన్ని కావాలి? మేనల్లుడు ఎల్డెన్ రింగ్ ఆడాలన్నాడు. అందులో రెండో కార్డు ఊరికే కూర్చుంటుంది. “ఆట మార్చుకోరా” అన్నాను. “మామయ్యా, ఆట కోసమే కదా కార్డు?” అన్నాడు. ఈ తరానికి ఓర్పు తక్కువ.

బ్లెండర్‌లో బొమ్మలు రెండర్ చేసేవాళ్లకు ఈ ఎస్‌ఎల్‌ఐ గొడవే అక్కర్లేదు, అక్కడ రెండు కార్డులూ పని పంచుకుంటాయి. అది సంపాదన విషయం, నేను చెబుతున్నది ఆట గురించి.

కొనే వరస ముఖ్యం. మొదట పవర్ సప్లై కొనండి. 970 ఒక్కోటి 145 వాట్లు, రెండూ కలిపి 290. 1070 ఒక్కటే 150తో సరిపెట్టుకుంటుందని ఎవరో ఒకరు అంటారు, వినకండి. 750 వాట్లది తెచ్చి ఇంట్లో పెట్టేస్తే డబ్బు అటు ఖర్చయిపోతుంది, కొత్త కార్డు ఆలోచన దానంతటదే పోతుంది. తర్వాత మదర్‌బోర్డు. ఎస్‌ఎల్‌ఐకి రెండు స్లాట్లలోనూ ఎనిమిదేసి లేన్లు ఉండాలి. మామూలు బోర్డుల్లో రెండో పొడుగు స్లాటుకు నాలుగే ఉంటాయి, కాబట్టి బోర్డు మార్చండి. ప్రాసెసర్ దానికి అతకకపోతే అదీ మార్చండి. రెండు కార్డులను కలిపే బ్రిడ్జి చిన్న ముక్కే, కానీ దొరకడం కష్టం. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల బజారులో అంతస్తు అంతస్తూ తిరగండి.

ఇవన్నీ కూడితే కొత్త కార్డు ధర దాటుతోందని మేనల్లుడు కాగితంమీద వేసి చూపించాడు. లెక్క సరిగ్గానే ఉంది. కానీ కొత్త కార్డు కొంటే వచ్చేది ఒక వస్తువు, ఇలా కొంటే నాలుగొస్తాయి.

970కి కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆగిపోయాయి, ఇక భద్రతకు సంబంధించినవే అప్పుడప్పుడూ వస్తాయి. దీనికీ దిగులొద్దు. కుదిరిన సెట్టింగును ఇకమీదట పెద్దగా ఎవరూ కదపరు.

మిగిలింది వేడి. కింది కార్డు వదిలిన వేడిగాలినే పై కార్డు పీలుస్తుంది, అందుకే పైదెప్పుడూ ఎక్కువ కాలుతుంది. క్యాబినెట్ పక్క తలుపు తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టండి. మన ఎండల్లో మే నెల మధ్యాహ్నాలు అసలు ఆడొద్దు, తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆడండి. చదువుకునే పిల్లలకు ఆ వేళ అలవాటైనదే.

మొన్న ఆదివారం, చివరికి జోడు కట్టేసిన మేనల్లుడూ నేనూ అలాగే లేచాం. పై కార్డు 79 డిగ్రీలు, కిందిది 66. జీటీఏలో వాడు సముద్రం ఒడ్డున కారు నడుపుతుంటే తెరమీద నీళ్లు మెరుస్తున్నాయి. ఇంతలో అక్క చెమట తుడుచుకుంటూ వచ్చి మా టేబుల్ ఫ్యాన్ వైపు చూసింది. అది తన గదిలోది. ఫ్యాన్ విడిగా కొనుక్కోండి.