సహజత్వం, నాలుగో టేకు

మా ఇంట్లో గోంగూర పచ్చడికి పట్టేది ముప్పావుగంట. మొన్న ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మొదలైన పచ్చడి మధ్యాహ్నం మూడైనా కంచంలోకి రాలేదంటే తప్పు నాదే. ఇలా ఒప్పుకోవడానికి కారణం నా నిజాయితీ కాదు, పక్కనే నిలబడి చదువుతున్న మా ఆవిడ.

నాకో యూట్యూబ్ ఛానల్ ఉంది. సబ్‌స్క్రైబర్లు 43 మంది. అందులో పదకొండుమంది మా అత్తవారి వైపు, మొహమాటం బాపతు. యాడ్ల డబ్బులో వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి. మొదట్లో రింగ్ లైటు, కాలరు మైకు, వెనకాల తెల్లటి దుప్పటి పెట్టి హంగుగానే తీశాను. మా అబ్బాయి చూసి, "పాస్‌పోర్టు ఫొటోకి పచ్చడి పూసినట్టుంది నాన్నా, కాస్త సహజంగా ఉండొచ్చుగా" అన్నాడు.

సహజం అనగానే యూట్యూబ్ వంటల మస్తానమ్మగారు గుర్తొచ్చారు. 2016లో ముని మనవడు కెమెరా పెడితే, వందేళ్లు దాటిన ఆ ముసలావిడ ఆరుబయట కట్టెలపొయ్యి ముందు కూచుని, గోళ్లతోనే అల్లం చెక్కు తీసి వండేది. 2018 డిసెంబరులో పోయేనాటికి పది లక్షలకు పైగా జనం ఆవిడ వెనక ఉన్నారు. ఇటు యూట్యూబ్‌లోనే లంబాడిపల్లి గంగవ్వ సరేసరి, నోరు తెరిస్తే చాలు. నాకూ ఒక అమ్మ ఉందిగా అనుకున్నాను. డెబ్బై ఎనిమిదే అనుకోండి, ఆ లెక్కన ఇంకా చిన్నపిల్ల.

అమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చి కూచుంది. పాత నేతచీర కట్టుకోమన్నాను.

"చిరుగు చీరలో చూస్తే జనం తిట్టేది నిన్నురా, నన్ను కాదు."

"పోనీ అమ్మా, ఆ అల్లం చెక్కు గోళ్లతో తియ్యి."

"గోంగూర పచ్చడిలో అల్లం ఎవరేస్తారురా సన్నాసీ?"

ఇక రోలు. రోడ్డు పక్కన చెక్కేవాళ్ల దగ్గర కొత్తది కొని, పాతదానిలా కనపడాలని రాత్రంతా కూచుని మసి పూశాను. అమ్మ వేలితో తడిమి చూసింది. కొత్త రోట్లో ముందు తవుడో, నానబెట్టిన బియ్యమో రెండుమూడుసార్లు నూరి పారబొయ్యాలట. లేకపోతే పచ్చడితోపాటు రాతిపొడి కూడా తినాలట. ఇందులో నూరనంటే నూరనంది. చివరికి మా ఆవిడ మిక్సీలో తిప్పి ఇస్తే, రోటి అడుగున ఒక అరిటాకు ముక్క పరిచి, దాని మీదికి పచ్చడి ఎత్తి, అమ్మ చేత ఉత్తుత్తిగా బండ ఆడించాను. రోటి చప్పుడు తర్వాత కలుపుకోవచ్చు, కాకి అరుపు కూడా. మూడో అంతస్తులో ఇదంతా కుదిరేదేగానీ, సరిగ్గా అమ్మ బండ ఎత్తినప్పుడల్లా బయట లిఫ్టు "ప్లీజ్ క్లోజ్ ది డోర్" అంటోంది. పల్లెటూళ్లో లిఫ్టు ఎలా వచ్చిందంటే నేనేం చెప్పను?

ఆరోసారి ఆపమనేసరికి అమ్మ బండ అవతల పడేసింది.

"నీ రీలు మొహం తగలెయ్య! పొద్దుట్నించీ పిల్లల కడుపులో మెతుకు పడలేదు. అడ్డగాడిదలా పెరిగావు, తిన్న పచ్చడిని తిన్నట్టు తినడం చేతకాదు, దానికో దీపం, ఓ గొట్టం!"

ఒళ్లు పులకరించింది. అదండీ సహజమంటే! ఫోను చూసుకుంటే మెమరీ నిండి ఎప్పుడో ఆగిపోయి ఉంది.

నా పెళ్లి వీడియో చెరిపేసి (అందుకే మా ఆవిడ ఇక్కడ నిలబడింది) చోటు చేసుకుని, "అమ్మా, ఇందాకటి తిట్టు ఇంకొక్కసారి" అని బతిమాలాను.

అమ్మ జుట్టు సర్దుకుంది. కొంగు భుజం చుట్టూ తిప్పుకుంది. లెన్సులోకి సూటిగా చూసి, దూరదర్శన్‌లో వార్తలు చదివినట్టు, "నాయనా, పిల్లలు ఆకలితో ఉన్నారు. దయచేసి త్వరగా ముగించు" అంది. రెండో టేకులో చిరునవ్వు చేరింది. మూడో టేకులో నమస్కారం. నాలుగోది అయ్యాక నేను ఫోను జేబులో పెట్టుకుంటుంటే చెయ్యి పట్టుకుంది.

"ఆగరా. చివర్లో కొంగు జారింది. ఇంకోసారి చేద్దాం."