నూటికి నాలుగు రూపాల మిత్తి, లాంజ్ ఫ్రీ

మొన్న స్వాతి నక్షత్రం రోజున గిరి ప్రదక్షిణకని యాదగిరిగుట్ట పోయాం. నేను, మా బామ్మర్ది, మా అత్తమ్మ. అత్తమ్మకు ఎనభై దాటాయి. "మీరు తిరిగి రాండ్రి, నేనీడ కూసుంట" అని కొండ కింద చెట్టు నీడ చూసుకుంది. మేమిద్దరం నడక మొదలుపెట్టాం.

బామ్మర్ది గోవింద కొట్టడం లేదు. ఫోన్ చూస్తున్నాడు, జేబులో పెడుతున్నాడు, మళ్లీ తీస్తున్నాడు.

"ఏందిరా?"

"స్వామికి మొక్కుకున్న బావా. కార్డుల బాకీ తీరితే సత్యనారాయణ వ్రతం చేయిస్తనని."

"మంచిదే. వ్రతం టికెట్ దేనితోటి కొంటవ్?"

కొంచెం ఆలోచించాడు. "కార్డుతోనే."

వాడు తాగడు, పేకాడడు. వాడికున్న జబ్బు ప్లాటు. గుట్ట మీద కొత్త గుడి కడుతున్నారనగానే రాయగిరి నుంచి ఆలేరు దాకా గెట్లన్నీ వెంచర్లయిన రోజులు గుర్తున్నాయి కదా. అప్పుడు వీడు కూడా "గుడి తెరిచేలోపు డబుల్" అన్న మాట నమ్మాడు. అడ్వాన్సుకు నగదు కావాలి. కార్డు గీకి నగదు చేతిలో పెట్టే దుకాణాలు హైదరాబాదులో గల్లీకొకటి ఉంటాయి, నూటికి రెండో మూడో కోసుకుని ఇస్తాయి. అలా తెచ్చి కట్టాడు. 2022 మార్చి 28న గుడి తెరిచారు. 2025 ఫిబ్రవరిలో విమాన గోపురం బంగారు తాపడానికి కుంభాభిషేకం కూడా అయింది. వీడి ప్లాటులో ఇప్పటిదాకా లేచినవి నాలుగు నంబరు రాళ్లు, చుట్టూ సర్కారు తుమ్మ.

ఒక కార్డు గడువు వస్తే రెండో కార్డుతో, రెండోదాని గడువుకు మూడోదానితో నెట్టుకొస్తున్నాడు. దీన్ని వాడు రొటేషన్ అంటాడు. ఆ మాట వాడు అంటున్నప్పుడు మేం ఉన్నది గుట్ట చుట్టూ దారిలో సగంలో. ఇది కూడా రొటేషనే. బయలుదేరిన చోటికే వస్తాం, కాళ్లు మాత్రం గుంజుతాయి.

"ఎగ్గొట్టలే బావా, ప్రతి నెలా మినిమమ్ డ్యూ టంచనుగా కడుతున్న" అన్నాడు గర్వంగా.

గట్టు మీద కూర్చోబెట్టి, పూజా సామాను కట్టిన కాగితం వెనక లెక్క రాశాను. బాకీ లక్ష అనుకో. నెలకు మూడున్నర శాతం మిత్తి, అంటే 3,500. ఆ మిత్తి మీద 18 శాతం జీఎస్టీ, 630. మొత్తం 4,130. చాలా కార్డుల్లో మినిమమ్ డ్యూ ఐదు శాతం, అంటే ఐదు వేలు. నువ్వు ఐదు వేలు కడితే అసలులో తగ్గింది 870 రూపాయలు. వాడు ఆ 870 చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీసి చాలాసేపు చూశాడు. తిరుపతి వెంకన్న కుబేరుడి దగ్గర పెళ్లికి తెచ్చిన అప్పుకు యుగాలుగా కడుతున్నది వడ్డీయేనని చెప్పుకుంటాం. దేవుడు కనుక చెల్లింది. ఆయనకు హుండీ ఉంది. వీడికి నెల జీతం ఉంది.

ఇంతకీ ఇది ఏ గడ్డ? 1944లో ఆంధ్ర మహాసభ పదకొండో మహాసభ ఇక్కడికి కూతవేటు దూరంలో, భువనగిరిలోనే జరిగింది. అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి. ఆ తర్వాత నల్లగొండ జిల్లా రైతులు వెట్టితోపాటు నాగు మీద కూడా తిరగబడ్డారు. నాగు అంటే తెలియని కుర్రవాళ్ల కోసం చెబుతున్నాను: వానాకాలం గింజల్లేక దొర గాదె నుంచి పుట్టి వడ్లు తెచ్చుకుంటే, పంట రాగానే పుట్టిన్నర కొలవాలి. యాభై శాతం. జనం బాకీ కాగితాలు కుప్పబోసి తగలబెట్టారు.

మా బామ్మర్ది కట్టేది మూడున్నర చొప్పున పన్నెండు నెలలకు 42, దాని మీద జీఎస్టీ కలిపితే 49.56. నాగు కన్నా 44 పైసలు తక్కువ. నాగు ఒక్క పంటకాలానికే యాభై కాబట్టి దొర ఇంకా ముందే ఉన్నాడు, న్యాయం న్యాయమే. కానీ దొర గాదె దగ్గర కాపలా కుక్క ఉండేది. ఇక్కడ రివార్డు పాయింట్లు, విమానాశ్రయం లాంజ్‌లో ఉచితంగా ఇడ్లీ. వీడు విమానం ఎక్కింది ఒక్కసారే. ఆ టికెట్టు కూడా వాయిదాల్లోనే కొన్నాడు.

కోర్టులున్నాయి కదా అంటారు. ఉన్నాయి. కార్డు బాకీ మీద ఏడాదికి 30 శాతం దాటి తీసుకోవడం అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ అంది. పదహారేళ్ల తర్వాత, 2024 డిసెంబరులో, అది రిజర్వు బ్యాంకు చూసుకునే వ్యవహారమని సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఎంత మిత్తి వెయ్యాలో బ్యాంకులే చూసుకుంటాయని రిజర్వు బ్యాంకు ఎప్పుడో వదిలేసింది. ఇదీ గిరి ప్రదక్షిణే.

గుట్ట మీది స్వామికి ఈ వ్యవహారం కొత్త కాదు. హిరణ్యకశిపుడు షరతులు గట్టిగా రాయించుకున్నవాడే. ఇంట్లో కాదు, బయట కాదు, పగలు కాదు, రాత్రి కాదు. స్వామి ఆ పత్రం చివరి అక్షరం దాకా చదివి గడప మీద, సందెవేళ, గోళ్లతో పని ముగించాడు. కార్డు దగ్గర షరతులు రాసేది బ్యాంకు, కడుపు చీరేది మనకు. టోటల్ డ్యూలో కొంత మిగిల్చావా, ఆ తర్వాత కొన్న కిలో కందిపప్పుకు కూడా కొన్న రోజు నుంచే మిత్తి. ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీశావా, గడువనేదే లేదు, పైగా తీసినందుకు రుసుము. ఇవన్నీ కార్డుతోపాటు వచ్చిన కాగితంలో ఉన్నాయి, చీమతలంత అక్షరాల్లో.

నేను మాత్రం నెలనెలా పూర్తిగా కడతాను. అలా కట్టేవాడికి కార్డంటే యాభై రోజుల దాకా చేబదులు. మిత్తి లేని చేబదులు ఈ రోజుల్లో తోడబుట్టినవాడు కూడా ఇయ్యడు. ఈ ఉపన్యాసం ఇస్తుండగా బామ్మర్ది అడిగాడు: "మరి మీ ఇంట్ల పాయింట్లతోటి కొన్న మిక్సీకి పైసలు ఎవలు కట్టిండ్రు బావా?" నాకు జవాబు దొరకలేదు. మిక్సీ మాత్రం బాగా తిరుగుతోంది.

ఉపాయం చెప్పింది ఫోన్‌లో వాడి భార్య. ఆమె మహిళా సంఘంలో ఉంది. అక్కడ పదిమంది ముందు ఎవరి బాకీ ఎంత, మిత్తి ఎంత అని పైకి చదువుతారు, దాచుకునే వీలుండదు. రూపాయి లోపు మిత్తికి బ్యాంకులో బంగారం పెట్టి, నాలుగు రూపాల మిత్తి ఉన్న కార్డు ముందు తీర్చమంది. తర్వాత రెండు కార్డులు మూసెయ్యమంది, ఒకటే ఉంచి లిమిట్ తగ్గించమంది. బాకీ లేని కార్డు మూయమని అడిగిన ఏడు పని దినాల్లో మూయకపోతే బ్యాంకే రోజుకు 500 మనకియ్యాలని రిజర్వు బ్యాంకు 2022 నిబంధన. ఉల్టా మిత్తి నేను విన్నది ఇదొక్కటే. వాడు అన్నిటికీ తలూపాడు, బంగారం అన్నచోట మాత్రం చెప్పులు చూసుకున్నాడు.

తిరిగొచ్చేసరికి అత్తమ్మ పులిహోర పొట్లం విప్పి కూర్చుంది. సంగతి చెప్పాం.

"నాలుగు రూపాల మిత్తా! ఏ షావుకారిచ్చిండు?"

"షావుకారు కాదత్తమ్మా, బ్యాంకు."

"పట్టా పెట్టిండా?"

"ఏం పెట్టలే. సిబిల్ స్కోరు జూసి ఇచ్చిండ్రు. అప్పు తెచ్చి సక్కగ కట్టేటోళ్లకు 900 దాకా మార్కులేస్తరు."

"అప్పే తేనోళ్లకు?"

"మైనస్ ఒకటి."

అబద్ధం కాదు. రుణ చరిత్ర లేనివాళ్లకు సిబిల్‌లో చూపించేది అదే. ఊళ్లో ఎవరికీ పైస బాకీ లేని మనిషి పులిహోరలో మిరపకాయ ఏరి పక్కన పెట్టింది.

అప్పుడే బామ్మర్ది ఫోన్ మోగింది. లిమిట్ పెంచుతారట, సార్ ఊఁ అంటే చాలట. అత్తమ్మ చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది.

"మిత్తి ఎంత బిడ్డా?"

"అమ్మా, ఇది ప్రీ అప్రూవ్డ్ ఆఫర్."

"మంచిగుంది. మిత్తి ఎంత?"

"ప్రాసెసింగ్ ఫీజు ఏమీ లేదమ్మా."

"గది సరే. మిత్తి?"

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత హోల్డ్ పాట మొదలైంది. అత్తమ్మ ఫోన్ చెవి నుంచి తియ్యలేదు. జవాబు వస్తదని కూర్చుంది.