ప్రూఫు చూసేవాళ్లేరీ?

మా రోజుల్లో ఒక పుస్తకం ప్రెస్సు గడప దాటాలంటే గ్యాలీ ప్రూఫు, పేజీ ప్రూఫు, ఆఖర్న మెషిన్ ప్రూఫు, ఇవన్నీ చూడాలి. ఒకరు మూలప్రతి పట్టుకుని కామాలతో సహా పైకి చదువుతుంటే ఇంకొకరు ఎర్రసిరాతో దిద్దేవాళ్లు. ఇప్పుడో? పేజీ ఫొటో తీయడం, బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టే ఓసీఆర్‌కి ఇవ్వడం, వచ్చింది వచ్చినట్టు అచ్చుకి పంపడం.

ఈమధ్య పాత నవల ఒకటి మళ్లీ వేశారంటే ఆశగా కొన్నాను. ప్రచురణకర్త పేరెందుకు లెండి. ‘వాడు వచ్చాడు’ అని ఉండాల్సిన చోట ‘పాడు వచ్చాడు’. ‘కథ’ పుస్తకం పొడుగునా ‘కధ’. ఒక్క మనిషి ఒక్కసారి చదివి ఉంటే ఇలా వచ్చేదా?

కంప్యూటరుకి చూపు నేర్పడం చిన్న విద్య కాదని నాకు తెలుసు. ఇంగ్లీషులో పెద్దవీ చిన్నవీ కలిపి 52 అక్షరాలు, అచ్చులో దేనికది విడిగా నిలబడుతుంది. మనకలా కాదు. తలకట్టు పైన, ఒత్తు కింద, గుడి నెత్తిన. ‘ద’ కింద చిన్న గీత పడితే ‘ధ’, దాని కడుపులో చుక్క కూడా పడితే ‘థ’. పాత కాగితం మీద ‘ర’ మధ్యలో ఈగ మచ్చ ఉంటే అది ‘ఠ’లా కనబడుతుంది. పైగా సీసపు అక్షరాల కాలంలో ఒత్తులు విరిగేవి, అరిగేవి. అసలు చిక్కు ఇంకోటుంది. చాలా ఓసీఆర్‌లు బొమ్మని ముందు నలుపు తెలుపుల్లోకి మార్చి, చిన్నచిన్న మరకల్ని దుమ్మని తుడిచేస్తాయి. ఆ తుడుపులో అరసున్న పోతుంది. ‘ఏఁడు’ అంటే సంవత్సరం, ‘ఏడు’ అంటే అంకె. పాత పద్యానికి అర్థం చెప్పేవాడి గతేమిటి?

కొత్తరకం ఓసీఆర్ అక్షరం అక్షరంగా కాక, వరస మొత్తం చూసి ఇరుగుపొరుగు అక్షరాల్ని బట్టి ఊహిస్తుంది. హెచ్‌పీ వాళ్లు 1985లో మొదలుపెట్టిన టెస్సరాక్ట్ అనే ఓసీఆర్ కూడా 2018లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి ఈ దారే పట్టింది. తప్పులు బాగా తగ్గాయి, ఒప్పుకుంటాను. కానీ ఊహించే యంత్రం తనకి అలవాటైన మాట వైపే మొగ్గుతుంది. మాండలికం మాట, వాడుక పోయిన మాట కనబడితే దాన్ని చక్కగా, అనుమానం రాకుండా మార్చిపెడుతుంది. ‘పాడు వచ్చాడు’ అంటే కనీసం తప్పని తెలుస్తుంది. ఇది తెలియను కూడా తెలియదు. నాకు భయం దీనితోనే.

యంత్రం మీద నాకు పగేం లేదు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి బొగ్గయిపోయిన హెర్కులేనియం పట్టణపు పాపిరస్ చుట్టల్ని విప్పకుండానే, ఎక్స్‌రే స్కాన్లలో సిరా జాడ పట్టి 2023లో కొంతమేర చదివారు. మనిషి కన్ను ఎన్నటికీ చేయలేని పని అది. అయితే అక్కడ కంప్యూటరు చూపించిన ప్రతి అక్షరాన్నీ గ్రీకు పండితులు కూర్చుని సరిచూశాకే బయటపెట్టారు. మన దగ్గరికొస్తే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లు 2001లోనే తెలుగు ఓసీఆర్ మీద పరిశోధన పత్రం వేశారు. అంత కష్టపడి తయారుచేసిన విద్యని ప్రూఫు రీడరు జీతం మిగుల్చుకోవడానికి వాడుకోవడం అన్యాయం.

మీ అటక మీద తాతల నాటి పుస్తకాలుంటే తప్పకుండా స్కాన్ చేయించండి. పేజీల అంచులు తెగకుండా, ముందుమాటతో సహా చేయించండి. అక్షరాల ఫైలు చేతికొచ్చింది కదా అని పేజీల బొమ్మలు చెరిపేయకండి, రేపు తప్పు దిద్దాలంటే అవే సాక్ష్యం. అచ్చు వేయించేటట్లయితే, తెలుగు చదవగలిగిన మనిషికి డబ్బిచ్చి మూలంతో పక్కపక్కన పెట్టి చదివించండి.