దొర తుపాకీకి నేను కట్టిన వెల

పాత వస్తువుకు వెల కట్టడం నాకు అన్నం పెట్టే పని. అబుదాబి శివారు మఫ్రఖ్‌లో, అల్ ఐన్ రోడ్డు పెద్ద రహదారిని కలిసే కూడలికి దగ్గర్లో మా వర్క్‌షాపు. సెకండ్‌హ్యాండ్ జనరేటరో కంప్రెసరో కొనాలంటే ముందు నన్నే పంపుతారు. కొత్త పెయింటు కనబడితే గోటితో గీకి చూస్తాను. ఇంజను మీది నంబరు, కాగితం మీది నంబరు కలవకపోతే బేరం దాకా పోను. అలాంటి నేను, చేత్తో ముట్టుకోకుండా, ఫోన్లో వచ్చిన ఫొటోలు చూసి ఒక పాత సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్‌కు బయానా పంపాను. ఇంత తెలివితక్కువ పని ఎందుకు చేశానో ఇప్పుడు అర్థమైంది కాబట్టి రాస్తున్నాను.

మాది జగిత్యాల దగ్గరి పల్లె. నాయన దొర గడీలో జీతం ఉన్నాడు. నా చిన్నతనంలో ఆ ఇంటి తుపాకీని దూరం నుంచి చూడటమే. 1978లో దొరలకు ఎదురుతిరిగిన రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ ఏడే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఊళ్లు విడిచి పట్నం చేరిన దొరల్లో మా దొర ఒకడు. ఆయనతోపాటు తుపాకీ కూడా పోయింది. ఇన్నేళ్ల తర్వాత ఆయన మనవడు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, తాతగారి బ్రౌనింగ్ అమ్ముతున్నం. బెల్జియంది, ఆటో-5. మీరు తీసుకుంటానంటే బయటోళ్లకు చెప్పను" అన్నాడు. ఆ ఇంటి మనిషి నన్ను 'మీరు' అనడం అదే మొదలు. నా బేరం అక్కడే ముగిసింది. ధర ఎంతని అడిగానే గానీ ఎందుకంతని అడగలేదు.

ఆ రాత్రి క్యాంపు గదిలో కూర్చుని ఆ తుపాకీ చరిత్రంతా చదివాను. అమెరికాకు చెందిన జాన్ బ్రౌనింగ్ దీనికి 1900లో పేటెంటు తీసుకున్నాడు. రాయల్టీ దగ్గర వించెస్టర్ కంపెనీతో తెగతెంపులయ్యాయి. రెమింగ్టన్ కంపెనీ అధ్యక్షుణ్ని కలవడానికి 1902 జనవరిలో వెళ్తే, ఆ పెద్దమనిషి అప్పుడే గుండె ఆగి చనిపోయాడు. ఆ తర్వాత బ్రౌనింగ్ ఓడెక్కి బెల్జియం వెళ్లి, ఎఫ్ఎన్ కంపెనీ చేత దీన్ని తయారు చేయించాడు. 1905 నుంచి రెమింగ్టన్ కూడా ఇదే నమూనాను తెచ్చింది, తర్వాత దానికి మోడల్ 11 అని పేరు పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో బెల్జియం జర్మన్ల చేతికి చిక్కాక బ్రౌనింగ్ పేరుతోనే అమెరికాలో తయారైంది. 1970ల నడుమ తయారీ జపాన్‌కు మారింది. ఈ కథ చదువుతుంటే నా ఛాతీ ఉప్పొంగింది. తెల్లారి బయానా పంపేశాను. అప్పుడు నేను చదివింది ఆ నమూనా చరిత్ర. నేను కొంటున్న తుపాకీ చరిత్రలో ఒక్క ముక్క కూడా నాకు తెలియదు.

మా క్యాంపులో ఆర్మీలో ఆయుధాల మరమ్మతు చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు, విజయనగరం జిల్లా ఆయన. ఫొటోలు చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. "ముందు చెక్క ఊడదీసి చూశారా బాబూ?" అన్నారు. లేదన్నాను. ఆయన విప్పి చెప్పారు. ఈ తుపాకీ పేలినప్పుడు గొట్టమూ బోల్టూ కలిసి వెనక్కి పరుగెత్తుతాయి. ఆ దెబ్బను ఆపేది గొట్టం కింద, చెక్క లోపల ఉండే స్ప్రింగు, దాని మీది కంచు బిగింపు, ఒక ఉక్కు రింగు. బలమైన తూటాలు వాడేటప్పుడు ఆ రింగును స్ప్రింగుకూ కంచు బిగింపుకూ మధ్య పెట్టాలి. తేలిక తూటాలకు తీసి స్ప్రింగు వెనక పెట్టాలి. ఈ అమరిక తెలియనివాడి చేతిలో పడి ఏళ్ల తరబడి పేలితే ఆ దెబ్బంతా ఉక్కుపెట్టె మీద, చెక్క మీద పడుతుంది. పైకి మెరుస్తూనే ఉంటుంది, లోపల చెక్క చీలిపోయి ఉంటుంది.

ఆయన అడిగిన మిగతా ప్రశ్నలకూ నా దగ్గర జవాబు లేదు. గొట్టం పొడవు కొలిచారా? మూతి దగ్గర కోస్తే చోక్, అంటే గొట్టం చివరి ఇరుకు, పోతుంది, సగం వెల దానితోనే పోతుంది. చోక్ ఎంతో చెప్పే నక్షత్రం గుర్తులు గొట్టం మీద ఉన్నాయా? బెల్జియంలోని లియేజ్ పరీక్షశాల ముద్రలు కనబడుతున్నాయా? అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా, అరిగి చెదిరాయా? చెదిరితే మళ్లీ సానబట్టి నల్లరంగు ఎక్కించారని లెక్క. స్క్రూల గాట్లు నలిగి ఉంటే ఎవరో ఇంట్లోనే విప్పారని లెక్క. 1960ల చివర్లో తయారైన బ్రౌనింగ్ తుపాకుల్లో కొన్నిటికి ఉప్పుతో ఆరబెట్టిన వాల్‌నట్ చెక్క వేశారు. ఆ ఉప్పు చెక్క కింది ఇనుమును తినేస్తుంది. బెల్జియం గొట్టాల్లో ఈనాటి ఉక్కు గుళ్ల తూటాలు కాల్చవద్దని బ్రౌనింగ్ కంపెనీయే హెచ్చరిస్తుంది. ఇవన్నీ జనరేటరు దగ్గర నేను అడిగేలాంటి ప్రశ్నలే. నాకు తెలియని విద్య కాదు. ఆ తుపాకీ దగ్గర దాన్ని కావాలనే పక్కన పెట్టాను.

సెలవు మీద వెళ్లి హైదరాబాద్‌లో దాన్ని భద్రపరచిన ఆయుధాల దుకాణంలో చూశాను. చెక్క విప్పగానే పగులు బయటపడింది. ఉక్కు రింగు లేనే లేదు. గొట్టం కోసి ఉంది. రంగు కొత్తది. అయినా అంత ధర ఎందుకు చెప్పారంటే, 1980ల నడుమ నుంచి మామూలు మనుషులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది కాబట్టి. ఇరవై లక్షలకు పైగా తయారైన తుపాకీ ఇది. అమెరికాలో అరుదైనది కాదు. మన దగ్గర కొరతే దాని ధర. ఆ కొరతను నేను గొప్పతనం అనుకున్నాను.

అసలు దెబ్బ కాగితం దగ్గర తగిలింది. ఆయుధాల చట్టం కింద ఉన్న 2016 నియమాల్లో ఇలాంటి సెమీ ఆటోమేటిక్ తుపాకులు మొదటి వర్గంలో ఉంటాయి. వాటి లైసెన్సు కలెక్టరు ఇచ్చేది కాదు, కేంద్ర హోం శాఖ ఇవ్వాలి. మామూలు పన్నెండు బోరు తుపాకీ అయినా ఒకరి నుంచి ఒకరికి మారాలంటే కనీసం 45 రోజుల ముందు కలెక్టరుకో పోలీసు స్టేషన్‌కో రాసి ఇవ్వాలి. తాతగారి తుపాకీ ఆయన వారసుడికి రావడానికి నియమాల్లో దారి ఉంది. గల్ఫ్‌లో బతికే, లైసెన్సే లేని నాకు రావడానికి దారి లేదు. అంటే నా వరకు దాని వెల సున్నా. గొట్టం నిండుగా ఉన్నా, చెక్క చీలకపోయినా, రింగు ఉన్నా సున్నాయే. ఇది బయానా పంపకముందు ఒక్క ఫోన్‌తో తెలిసే సంగతి. బయానా తిరిగి రాలేదు. ఆ డబ్బులో చెల్లె కూతురి చదువుకని దాచింది కూడా ఉంది. ఆ పిల్ల ముందు నేను తల ఎత్తలేకపోయాను.

ఊరికి పోయి నాయనకు చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "గది పేలంగ నేనైతే ఎన్నడు సూడలే బిడ్డా" అన్నాడు. "భయం మా లోపట ఉండె, అండ్ల గాదు. గా భయం కొనుక్కొచ్చి ఇంట్ల పెడ్తవా?"

నేను కొనబోయిందేమిటో ఆ మాటతో తెలిసింది. గడీ వాకిట్లో నాయన చేతులు కట్టుకుని నిలబడిన ఆ రోజులను డబ్బు పోసి తిరగరాయాలనుకున్నాను. ఆ కోరిక తప్పని ఇప్పటికీ అనను. ఆ కోరికను తుపాకీ విలువలో కలిపి లెక్కకట్టడం తప్పు. అమ్మేవాడు ఆ కోరికను పసిగట్టాడు, ధరలో వేశాడు. నేను కాదనలేదు.

మఫ్రఖ్ క్యాంపుల్లో నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారు. ఒకప్పుడు తమను గడప బయట నిలబెట్టిన ఇంటి స్థలమో, టేకు తలుపులో అమ్మకానికి వచ్చాయని ఫోన్ వస్తే రాత్రికి రాత్రే డబ్బు పంపుతారు. వాళ్లకు నేను చెప్పేదిదే. ముందు కాగితం చూడండి, అది మీ పేరుకు మారుతుందో లేదో తేల్చుకోండి. తర్వాత విప్పి లోపల చూడండి. పేరూ ఊరూ చరిత్రా ఆఖరున. ఆ వస్తువు ముక్కూమొహం తెలియని మనిషిదైతే ఎంత ఇస్తారో అదే దాని ధర. అంతకు మించి ఒక్క రూపాయి ఇవ్వాలనిపించినా, ఆ రూపాయి దేనికో మీకు మీరు చెప్పుకోగలిగేదాకా పంపకండి.