లాలిబెలా పద్యానికి నడికుడి టీక

అవతారిక: ఇథియోపియాలో ఒకానొక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే పల్నాటి నడికుడి మేస్టారు 2012 జనవరి సెలవుల్లో ఆ దేశం చూడబోయి, ఊళ్లో మిత్రుడికి ఈ ఆటవెలదిని ఈమెయిలులో పంపారు. హైలే సెలాసీ చక్రవర్తి కాలం నుంచే అక్కడి బళ్లలో భారతీయ పంతుళ్లున్నారు. 2000 తర్వాత ఆ దేశం వరసబెట్టి విశ్వవిద్యాలయాలు తెరిస్తే మనవైపు లెక్చరర్లు కూడా పెట్టె సర్దుకుని మెకెలె, గోండర్, జిమ్మా, బహిర్‌దార్ చేరారు. వారి ఉత్తరాల్లో పాఠాల ఊసు తక్కువ, సెలవుల ఊసు ఎక్కువ. ఇది పంతుళ్ల సామాన్య ధర్మం గనుక దోషం కాదు.

మూలం:

సెలవు వచ్చె బస్సు చిక్కెను లాలిబె
లాకు కొండ దారి లాగె మమ్ము
అట్టు పులుపు గాని యావకాయున్నది
నడికుడికిని చెప్పు నాదు మాట

ప్రతిపదార్థం: సెలవు వచ్చెన్ = పేపర్లు దిద్దుట ముగిసెను; బస్సు చిక్కెను = సీటు సైతము దొరికెను; కొండ దారి = మలుపుల మార్గము; మమ్ము = నన్నును, తోడి లెక్చరర్లను; లాలిబెలాకున్ = ఆ పేరి ఊరికి; లాగెన్ = ఈడ్చెను; అట్టు = ఇంజెరా యనబడునది; పులుపు గాని = పుల్లనిదే అయినను; ఆవకాయ ఉన్నది = భయము లేదు; నాదు మాట = నా క్షేమము; నడికుడికిని = ఆ జంక్షనుకు, లక్షణచేత అచ్చటి జనులకు; చెప్పు = టీ కొట్టు దగ్గర చాటుము.

టీక: “బస్సు చిక్కెను” అనడంలో ఉన్న శ్రమ మూలంలో కనపడదు. ఇథియోపియాలో గంటలు సూర్యోదయం నుంచి లెక్క. మన ఏడు గంటలు వాళ్లకు ఒంటిగంట. టిక్కెట్టు మీద 11 అని ఉంటే తెల్లవారుజామున ఐదింటికే బస్టాండులో ఉండాలి. తెలియనివాడు టిఫిను చేసి తీరిగ్గా పదకొండింటికి వెళ్తాడు, బస్సు అప్పటికి చాలా దూరంలో ఉంటుంది. పల్నాటి పురోహితుణ్ణి పంపితే ఈ చిక్కు ఉండేది కాదు. ఉదయాది ఘడియలు గుణించేవాడు రెండున్నర ఘడియలంటే ఒంటిగంట అని అక్కడికక్కడే చెప్పేసేవాడు. సంవత్సరం కూడా అంతే. మనకు 2012 జనవరి, వాళ్లకింకా 2004. మనకు అధికమాసం సుమారు మూడేళ్లకోసారి, వాళ్లకు పదమూడో నెల ఏటా వస్తుంది, అయిదారు రోజులుండి పోతుంది.

“లాలిబె” అని ఒక పాదంలోనూ “లాకు” అని మరో పాదంలోనూ ఊరిని విరగ్గొట్టడం ఛందస్సు కోసమని మాచర్ల శాఖవారు. అది చింత్యం. ఆదిస్ అబాబాలో చీకటితో బయల్దేరిన బస్సు రాత్రికి దెస్సేలోనో వల్దియాలోనో పడుకుని, మర్నాడు గాని ఆ ఊరు చేరదు. ప్రయాణం విరిగినచోటే పేరు విరిగింది. “మమ్ము, అట్టు” అని సంధి చేయకపోవడం కూడా బుద్ధిపూర్వకమే. బస్సులో ఎంత ఉక్క పోసినా, గాలి తగిలితే జబ్బని తోటివారు కిటికీ తెరవనివ్వరు. దిగాక కాస్త ఊపిరి పీల్చుకోకుండా అట్టు తినడం ఎవరి తరం?

అట్టు విషయం. టెఫ్ అని ఆవగింజకన్నా చిన్న ధాన్యం. దాని పిండిని రెండు మూడు రోజులు పులియబెట్టి వెడల్పాటి పెనం మీద పోస్తారు. ఒకవైపంతా కళ్లు కళ్లుగా చిల్లులు. అదే పళ్లెం, అదే భోజనం. పైన మిరపకారం దట్టించిన కూరలు. బుధ, శుక్రవారాల్లో అక్కడి క్రైస్తవులు ఉపవాసముండి నీచు, పాలు, వెన్న ముట్టరు కనుక శాకాహార పంతుళ్లకు వారంలో ఆ రెండు రోజులూ పండగే. శ్రీనాథుడి పేరున చెలామణీ అయ్యే చాటువుల్లో పల్నాటి జొన్నకూటి మీద సణుగుడు లోకప్రసిద్ధం. ఆ పల్నాటివాడే పరదేశం వెళ్లి పరధాన్యం తిని, “గాని” అనే ఒక్క మాటతో ఫిర్యాదు ముగించాడు. కవిసార్వభౌముడి కన్నా ఈయనే మర్యాదస్తుడని వ్యాఖ్యాత అభిప్రాయం.

శంక: లాలిబెలా వెళ్లినవాడు అక్కడి పదకొండు చర్చిల మాట ఎత్తలేదేం? 1978లోనే యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన చోటు కదా!

సమాధానం: అవి కట్టినవి కావు, ఒకే రాతిలో పైనుంచి కిందికి తొలిచినవి. గియోర్గిస్ చర్చి శిలువ ఆకారంలో పన్నెండు మీటర్ల లోతున నిలబడి ఉంటుంది. దాని కప్పు నేలమట్టానికే ఉండటంతో అంచుదాకా వస్తే గాని కనపడదు. పిడుగురాళ్ల సున్నపురాయి క్వారీలు చూస్తూ పెరిగినవాడికి అది తలకిందులైన పని. మన దగ్గర రాయి తెచ్చుకుని గొయ్యి వదిలేస్తాం, వాళ్లు రాయి వదిలేసి గొయ్యి తీసుకుపోయారు. చెప్పులు విప్పి లోపలికి దిగాడు, తెల్లటి శాలువాలు కప్పుకున్న భక్తుల మధ్య నిలబడ్డాడు, ఇదంతా ఫొటోల్లో ఉంది. పద్యంలో మాత్రం లేదు. ఎందుకంటే నడికుడి అడిగే ప్రశ్న “ఏం చూశావు?” కాదు, “ఏం తిన్నావు?” అడగని ప్రశ్నకు జవాబు రాస్తే మార్కులుండవని పంతులికి తెలియదా?

తాత్పర్యం: సెలవులొచ్చాయి, ఊరు తిరిగాను, తిండికి లోటు లేదు, అమ్మతో చెప్పరా.

విశేషం: “నడికుడికిని” అన్నది ఊరంతటికీ కాదు, ఒక్క ఇంటికే. ఆవకాయ సీసా మూతకు పాలిథిన్ కవరు, దాని మీద రబ్బరు బ్యాండ్లు, ఆపైన పాత పంచె ముక్క చుట్టి విమానమెక్కించిన చెయ్యి ఆ ఇంటిది. ఆ లాలిబెలాకే 2021లో యుద్ధం వచ్చినప్పుడు, మేస్టారు అప్పటికే తిరిగొచ్చేసినా, అక్కడ నీకు అన్నం పెట్టినవాళ్లు బాగున్నారా అని ముందు అడిగింది కూడా ఆ ఇల్లే.

పద్యానికి నడికుడి నుంచి వెళ్లిన జవాబు: “నూనె పైకి తేలుతోందా? తేలకపోతే చెప్పు, వేసవిలో వెళ్లే మేస్టారితో ఇంకో సీసా పంపుతాం.” ఇది వచనం గనుక టీక అక్కర్లేదు.