పారిపోయొచ్చావా? రుజువేదీ!

యుద్ధం నుంచి పారిపోయి వస్తే సరిపోదు, నిజంగానే పారిపోయొచ్చామని నిరూపించుకుంటూ ఉండాలి. ఉక్రెయిన్ తూర్పున పెన్షనర్లకు ఆ సర్కారు పెట్టిన పరీక్ష ఇది.

దొనేత్స్క్, లుహాన్స్క్‌లలో సర్కారు చెయ్యి దాటిన ప్రాంతాల వాళ్లు పింఛను కావాలంటే నిర్వాసితులుగా పేరు నమోదు చేసుకోవాలని 2014 నవంబరులో హుకుం. చేసుకున్నారు. 2016 మొదట్లో భద్రతా విభాగం అనుమానితుల జాబితాలు పంపింది. సుమారు లక్షన్నర మందికి చెల్లింపులు బంద్! ముందు శిక్ష, తర్వాత విచారణ. చాలామందికి కనీసం నోటీసైనా లేదు.

ఆ జూన్‌లో కొత్త నిబంధనలు. ఇన్‌స్పెక్టరు ఇంటికొచ్చి మనిషి ఉన్నారో లేదో చూసేవాడు. అరవై రోజులకు మించి కనబడకపోతే సాయం కట్ అయ్యేది. పైగా ప్రభుత్వ బ్యాంకుకు వెళ్లి ముఖం చూపించి రావాల్సి వచ్చేది, కాళ్లు సహకరించినా సహకరించకున్నా.

దొంగ లెక్కలు లేవని కాదు. కానీ గుమ్మడికాయల దొంగ దొరకలేదని ఊళ్లో ముసలివాళ్లందరి భుజాలూ తడమడమేమిటి?

పింఛను చట్టమిచ్చిన హక్కు, సర్కారు తీర్మానంతో ఆపడం కుదరదని 2018 సెప్టెంబరులో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాత కూడా బకాయిల కోసం చాలామంది ఎవరికి వారే కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.